వెనక్కి వెళ్లే దారి ఎప్పుడు మూయాలి?

2012 ఆగస్టు 1 ఉదయం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ తెరుచుకునే వేళకు నైట్ క్యాపిటల్ అనే అమెరికా ట్రేడింగ్ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌తో సిద్ధంగా ఉంది. చిన్న మదుపర్ల ఆర్డర్ల కోసం ఎక్స్ఛేంజీ ఆ రోజే మొదలుపెడుతున్న పథకంలో పాల్గొనడానికి రాసుకున్న కోడ్ అది. ఆర్డర్లను మార్కెట్‌కు పంపే సర్వర్లు మొత్తం 8. కొత్త కోడ్ ఏడింటిలోకే ఎక్కింది. ఎనిమిదోదాన్ని ఒక టెక్నీషియన్ మరిచిపోయారు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం అక్కడ లేదు. ఆ సర్వర్‌లో ‘పవర్ పెగ్’ అనే పాత కోడ్ ఇంకా కూర్చునే ఉంది. 2003లోనే వాడకం మానేశారు గాని తీసెయ్యలేదు. పైగా కొత్త కోడ్‌ను నడిపించడానికి, ఒకప్పుడు పవర్ పెగ్‌ను నడిపించిన ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. ఆ ఫ్లాగ్ ఉన్న ఆర్డర్లు ఎనిమిదో సర్వర్‌కు చేరగానే పవర్ పెగ్ లేచింది. ఆర్డరు పూర్తయిందా లేదా అని లెక్కచూసే భాగాన్ని 2005లో మరోచోటికి మార్చారు. ఆ మార్పు తర్వాత పవర్ పెగ్‌ను ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి ఎక్కడ ఆగాలో దానికి తెలియలేదు. 212 ఆర్డర్లను నెరవేర్చబోయి 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు చేసేసింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబరులో ఆ సంస్థకు 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో ఇంకో వివరం ఉంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది అదే. గొడవ మొదలయ్యాక అక్కడి ఇంజినీర్లు, ఎవరైనా చేసే పనే చేశారు. కొత్త కోడ్‌ను వెనక్కి తీసేశారు. సరిగ్గా ఎక్కిన ఏడు సర్వర్లలోంచి తీసేశారు. దాంతో ఆ ఏడింటి అడుగునా ఉన్న పవర్ పెగ్ కూడా పైకి వచ్చింది. ఒక సర్వర్‌లో ఉన్న జబ్బు ఎనిమిదింటికీ పాకింది.

దీన్ని డిప్లాయ్‌మెంట్ పొరపాటుగానే అందరూ చెబుతారు. నా దృష్టిలో ఇది అప్పటికి తొమ్మిదేళ్ల ముందే ముగించాల్సిన పనిని ముగించకపోవడం వల్ల వచ్చిన ఉపద్రవం. రిలీజ్ అయ్యాక పాతదాన్ని ఉంచేది ఎందుకు? ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి. మరి ఆ దారి ఎన్నాళ్లు తెరిచి ఉంచాలి? ఇక మూసేయమని చెప్పే అధికారం ఎవరిది? రిలీజ్ తర్వాత సర్వర్లను, వనరులను శుభ్రం చేయడం అనే పెద్ద వ్యవహారంలో కమాండ్లు, టూల్స్ తేలిక భాగం. ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకపోవడమే అసలు చిక్కు.

నేడు ఒక మామూలు రిలీజ్ ఏమేం మిగుల్చుతుందో చూద్దాం. పాత, కొత్త సర్వర్ల గుంపులను పక్కపక్కనే నిలిపే బ్లూ-గ్రీన్ పద్ధతిలో చేస్తే పాత సర్వర్ల గుంపు మొత్తం అలాగే ఉండిపోతుంది. రిలీజ్‌కు ముందు జాగ్రత్తగా తీసిన డేటాబేస్ స్నాప్‌షాట్లు ఉంటాయి. లోడ్ టెస్ట్ కోసం లేపిన మెషీన్లు, పాత లోడ్ బ్యాలెన్సర్, దానికి కట్టిన ఐపీ అడ్రసు, డీఎన్‌ఎస్ రికార్డులు, డేటా మైగ్రేషన్ కోసం ఇచ్చిన తాత్కాలిక యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు, రిజిస్ట్రీలో పేరుకున్న పాత కంటైనర్ ఇమేజ్‌లు, కోడ్‌లో ఫీచర్ ఫ్లాగులు, డేటాబేస్‌లో ఎవరూ చదవని కాలమ్‌లు ఉంటాయి. వీటిలో సగం పనులకు టికెట్ కూడా ఉండదు. రిలీజ్ రాత్రి హడావిడిలో, బ్రిడ్జ్ కాల్‌లో ఎవరో ‘ప్రస్తుతానికి ఇలా పెడదాం’ అంటే పెట్టినవి అవి.

కొన్ని మిగుళ్లు మనిషి మరుపు వల్ల కాక, వ్యవస్థ స్వభావం వల్లే వస్తాయి. అమెజాన్ క్లౌడ్‌లో ఒక మెషీన్‌ను తీసేస్తే, దానికి అదనంగా తగిలించిన డేటా వాల్యూమ్‌లు ప్రత్యేకంగా చెప్పకపోతే తొలగిపోవు. బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. అక్కడి లాగ్ సేవ క్లౌడ్‌వాచ్‌లో లాగ్‌లకు గడువు పెట్టకపోతే అవి ఎప్పటికీ ఉంటాయి. కంటైనర్లను నడిపే కుబెర్నెటీస్‌లో ఒక్కో డిప్లాయ్‌మెంట్ తన పాత రూపాలను పదింటిదాకా అట్టేపెట్టుకుంటుంది. డేటా దాచుకునే అప్లికేషన్ల కోసం వాడే స్టేట్‌ఫుల్‌సెట్‌ను తొలగించినా దాని డిస్కులు ఉండిపోతాయి. ఇవన్నీ తెలిసి చేసిన ఏర్పాట్లే. డేటా పోవడం కన్నా బిల్లు రావడం మేలన్న లెక్కతో చేసినవి. ఆ లెక్క సరైనదే. కాని దాన్ని ఎక్కడ ఆపాలన్నది వాడేవాళ్లకే వదిలేశారు.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. 2015లో పరిశోధకులు జొనాథన్ కూమీ, జాన్ టేలర్ చేసిన అధ్యయనం ప్రకారం డేటా సెంటర్లలోని సర్వర్లలో దాదాపు 30 శాతం, ఆరు నెలలకు పైగా ఏ ఉపయోగకరమైన పనీ చేయకుండా కరెంటు తాగుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద అలాంటివి కోటి ఉంటాయని వాళ్ల అంచనా. అంతకుముందే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ పనికిరాని సర్వర్లను ఏరేసే పోటీ పెడితే, ఏఓఎల్ సంస్థ ఒక్క ఏడాదిలో 9 వేలకు పైగా తీసేసి గెలిచింది. క్లౌడ్ వచ్చాక ఈ వృథా కంటికి కనబడకుండా పోయింది. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. నెలకు నాలుగు డాలర్లు కూడా కాదు. అలాంటివి వందలు, వేలు పోగైతేనే ఎవరైనా తలెత్తి చూస్తారు. అప్పటికి వాటిని పెట్టినవాళ్లు ఉద్యోగాలు మారి ఉంటారు.

అయినా డబ్బు ఈ వ్యవహారంలో చిన్న నష్టమే. పెద్ద నష్టం భద్రతది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక విషయం బయటపెట్టింది. అంతకుముందు నవంబరు చివర్లో రష్యా ప్రభుత్వంతో సంబంధమున్న హ్యాకర్ల ముఠా ఒకటి, కంపెనీ పెద్ద అధికారులు కొందరి ఈమెయిళ్లలోకి చొరబడింది. వాళ్లు లోపలికి వచ్చింది ఎప్పుడో పరీక్షల కోసం పెట్టిన పాత టెస్ట్ అకౌంటు గుండా. దానికి రెండో దశ ధ్రువీకరణ లేదు. ఆ టెస్ట్ వాతావరణంలోనే ఉన్న పాత అప్లికేషన్ ఒకదానికి కంపెనీ అసలు వ్యవస్థలో పెద్ద అధికారాలు ఇచ్చి ఉన్నాయి. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం మోసే కలోనియల్ పైప్‌లైన్‌ను రాన్సమ్‌వేర్ ముఠా ఆపించింది కూడా, వాడుకలో లేని వీపీఎన్ అకౌంటు గుండా వచ్చే. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరడానికి మొదటి కారణం ఎవరూ మూయని ఒక లాగిన్. వాడుకలో ఉన్నదాన్ని రోజూ పదిమంది చూస్తారు, ప్యాచ్‌లు వేస్తారు, అలారమ్‌లు పెడతారు. వాడుకలో లేనిదాన్ని వెతికి చూసేది దొంగ ఒక్కడే.

డీఎన్‌ఎస్ విషయంలో క్రమం తప్పితే ముప్పు ఇంకా సూటిగా ఉంటుంది. రిలీజ్ ముందు పరీక్షకు కంపెనీ డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ పెట్టి, దాన్ని క్లౌడ్‌లోని ఒక అప్లికేషన్‌కు చూపిస్తారు. పనయ్యాక అప్లికేషన్‌ను తొలగించి, డీఎన్‌ఎస్ రికార్డును వదిలేస్తారు. క్లౌడ్‌లో ఆ పేరు ఖాళీ అయింది కనుక బయటివాడు అదే పేరుతో తన అప్లికేషన్ పెట్టుకోవచ్చు. అప్పుడు కంపెనీ అడ్రసు కిందే వాడి పేజీ తెరుచుకుంటుంది. అందుకే ముందు డీఎన్‌ఎస్ రికార్డు తీయాలి, తర్వాతే వనరు తీయాలి. చాలా చెక్‌లిస్టుల్లో ఇది తలకిందులుగా ఉంటుంది.

ఇంత చెప్పాక, ఉన్నవన్నీ వెంటనే తుడిచేయాలనిపిస్తుంది. తుడిచేటప్పుడు జరిగిన ప్రమాదాలు చూస్తే ఆ తొందర తగ్గుతుంది.

2022 ఏప్రిల్ 5న సాఫ్ట్‌వేర్ సంస్థ అట్లాసియన్‌లో జరిగింది చూడండి. ‘ఇన్‌సైట్’ అనే విడి యాప్‌ను ఆ సంస్థ తన ప్రధాన ఉత్పత్తిలో కలిపేసింది. ఇక పాత యాప్‌ను కస్టమర్ల సైట్లలోంచి తొలగించాలి. పూర్తిగా రిలీజ్ అనంతర శుభ్రత పనే. తొలగించమని అడిగిన బృందం యాప్ ఐడీలు ఇవ్వాల్సినచోట సైట్ల ఐడీలు ఇచ్చింది. తొలగించే ఏపీఐ రెండు రకాల ఐడీలనూ తీసుకుంటుంది, ఏది ఇచ్చినా మారు మాటాడదు. స్క్రిప్టును సాటి ఇంజినీర్లు సమీక్షించారు. కాని ఏ ఏపీఐని ఎలా పిలుస్తున్నారన్నదే చూశారు, ఐడీలు దేనివో చూడలేదు. ముందుగా 30 సైట్ల మీద నడిపితే చక్కగా పనిచేసింది, ఎందుకంటే ఆ 30 ఐడీలు గందరగోళానికి ముందే తెచ్చుకున్న సరైనవి. తర్వాత మిగతావాటి మీద నడిపారు. యూటీసీ కాలమానం ప్రకారం ఉదయం 7:38 నుంచి 8:01 దాకా, 23 నిమిషాల్లో 883 సైట్లు మాయమయ్యాయి. యాప్‌లు కావు, మొత్తం సైట్లు. 775 మంది కస్టమర్ల పని ఆగిపోయింది. కొందరికి తిరిగి రావడానికి 14 రోజులు పట్టింది. స్క్రిప్టుకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి తొలగించినట్టు గుర్తుపెట్టి కొన్నాళ్లు ఉంచేది, రెండోది శాశ్వతంగా తుడిచేది. వాడింది రెండోదాన్ని.

ఈ ఒక్క ఘటనలో సమస్య అంతా ఉంది. సమీక్ష జరిగింది, చిన్న గుంపు మీద పరీక్ష జరిగింది, స్క్రిప్టులో తప్పు లేదు. అయినా తప్పు జరిగింది, ఎందుకంటే జాబితాలో ఉన్నది ఏమిటో తెలిసినవాళ్లు ఒకచోట, తుడిచేవాళ్లు మరోచోట ఉన్నారు.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ స్టోరేజీ సేవ ఎస్3లో కొద్ది సర్వర్లు తీయబోయిన ఇంజినీరు ఒక విలువ తప్పుగా టైపు చేయడంతో ఎక్కువ సర్వర్లు పోయాయి. నాలుగు గంటలకు పైగా ఇంటర్నెట్‌లో పెద్ద భాగం తడబడింది. ఆ తర్వాత అమెజాన్ ఆ టూల్‌ను నెమ్మదిగా మాత్రమే తొలగించేలా, కనీస సంఖ్య కిందకు దిగనివ్వకుండా మార్చింది. 2023 ఆగస్టు చివర్లో టొయోటా జపాన్‌లోని తన 14 ప్లాంట్లనూ ఆపేయాల్సి వచ్చింది. రెండు రోజుల ముందు మెయింటెనెన్స్‌లో డేటాబేస్‌లో పేరుకున్న డేటాను తొలగించి సర్దుతుంటే డిస్కులో చోటు చాలక వ్యవస్థ కూలింది. చోటు ఖాళీ చేసే పనికి కూడా ముందు కొంత చోటు కావాలి. 2024 మేలో 6 లక్షలకు పైగా సభ్యులున్న ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్ ప్రైవేట్ క్లౌడ్ మొత్తం గూగుల్‌లో తొలగిపోయింది. ఏడాది కిందట దాన్ని ఏర్పాటు చేసేటప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే ఒక ఏడాది గడువు అని వ్యవస్థ అర్థం చేసుకుంది. గడువు తీరింది, తుడిచేసింది. కస్టమర్ అడిగిన తొలగింపు కాదు కనుక హెచ్చరిక కూడా వెళ్లలేదు. వేరే సంస్థ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం వాళ్లకు అక్కరకొచ్చింది.

వదిలేయడమూ ముప్పే, తుడిచేయడమూ ముప్పే. అనుభవజ్ఞులు ఈ రెంటి మధ్య ఒక దశను పెట్టుకున్నారు. ముందు ఆపు, కొన్నాళ్లు ఆగు, ఆ తర్వాతే తుడువు. సర్వర్‌ను తొలగించకుండా నెట్‌వర్క్ మాత్రం తీసేస్తారు. ఎవరైనా కేకలేస్తే వెంటనే తగిలిస్తారు. దీన్నే స్క్రీమ్ టెస్ట్ అంటారు. నెట్‌ఫ్లిక్స్ 2013లో బయటపెట్టిన జానిటర్ మంకీ అనే టూల్ ఇదే పని చేసేది. ఎవరికీ అక్కరలేదనిపించినదాన్ని గుర్తుపెట్టి, సొంతదారుకు కబురు పంపి, గడువిచ్చి, అప్పుడు తొలగించేది. అట్లాసియన్ కూడా ఆ ఘటన తర్వాత, అన్ని వ్యవస్థల్లోనూ మొదట తొలగించినట్టు గుర్తుపెట్టే పద్ధతికే మారతామని ప్రకటించింది.

అయితే ఎన్నాళ్లు ఆగాలి? ఇక్కడ చాలామంది 30 రోజులో 90 రోజులో అని ఒక అంకె రాసేసుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఆగే కాలాన్ని ఆ వ్యవస్థ చేసే పనుల్లో అతి నెమ్మదిగా తిరిగే పని నిర్ణయించాలి. మన దేశంలో ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. ఏడాదికి ఒక్కసారి ఆ రాత్రి నడిచే లెక్కల ముగింపు జాబ్ ఉన్న సర్వర్, మిగతా ఏడాదంతా మౌనంగానే ఉంటుంది. 90 రోజుల నిశ్శబ్దం చూసి దాన్ని తుడిచేస్తే ఏప్రిల్ 1న తెలుస్తుంది.

డేటాబేస్ దగ్గర ఈ ఓపిక మరీ అవసరం. ఒక కాలమ్ పేరు మార్చాలంటే ఒక్క రిలీజ్‌లో మార్చకూడదు. కొత్త కాలమ్ చేర్చాలి, కొంతకాలం రెంటిలోనూ రాయాలి, పాత వరుసలను కొత్తదాంట్లో నింపాలి, చదవడం కొత్తదాని నుంచి మొదలుపెట్టాలి, పాతదాంట్లో రాయడం ఆపాలి, చివరికి పాతదాన్ని తీసేయాలి. ప్రతి మెట్టు మీదా అంతకుముందు వెర్షన్ నడవగలగాలి, లేకపోతే వెనక్కి వెళ్లే దారి పేరుకే ఉన్నట్టు. అందరూ ఆపేసేది చివరి మెట్టు ముందు. కొత్తది పనిచేస్తోంది కనుక పాత కాలమ్ అలాగే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత కొత్తగా చేరిన ఇంజినీరు రెండు కాలమ్‌లూ చూసి, తప్పుదాన్ని ఎంచుకుని రిపోర్టు రాస్తారు. ఫీచర్ ఫ్లాగుల సంగతీ ఇంతే. ఉబర్ సంస్థ పాతబడిన ఫ్లాగులను కోడ్‌లోంచి ఏరేయడానికి పిరానా అనే ప్రత్యేక టూలే రాసుకోవాల్సి వచ్చింది. నైట్ క్యాపిటల్‌ను ముంచింది కూడా మళ్లీ వాడిన ఒక ఫ్లాగే అని మరవకూడదు.

శుభ్రతలో ఎంత సూక్ష్మం ఉంటుందో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. లైనక్స్ సర్వర్‌లో డిస్క్ నిండింది. 40 జీబీ పాత లాగ్ ఫైల్ కనబడింది. ‘ఆర్‌ఎం’ కమాండుతో తొలగించారు. లెక్క చూస్తే ‘డీయూ’ కమాండు ఫైల్ పోయిందంటుంది, ‘డీఎఫ్’ మాత్రం డిస్క్ ఇంకా నిండుగానే ఉందంటుంది. రెండూ నిజమే. ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకున్న ప్రాసెస్ ఇంకా నడుస్తోంది. పేరు పోయింది గాని, ఆ ప్రాసెస్ వదిలేదాకా చోటు విడుదల కాదు. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ నడిపితే తొలగించిన ఫైల్ అన్న గుర్తుతో అది కనబడుతుంది. పాత లాగ్ తీసేశాం కదా అని అంతటితో వెళ్లిపోతే, రాత్రి రెండింటికి డేటాబేస్ రాయలేక ఆగిపోతుంది. ముందు ఆ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేయాలి, లేదా ఫైల్‌ను తొలగించకుండా ఖాళీ చేయాలి. తొలగించామని అనుకోవడం వేరు, తొలగిందని చూసుకోవడం వేరు. ఆ చూసుకునే అడుగు చాలా రన్‌బుక్‌లలో ఉండదు.

టెర్రాఫామ్ లాంటి టూల్స్‌తో ఈ బాధలన్నీ తీరతాయని కొందరి నమ్మకం. నిజంగానే చాలా తీరాయి. ఏం లేపామో ఫైల్లో రాసి ఉంటే, దాన్నే చూసి దించేయవచ్చు. కాని రిలీజ్ రాత్రి చేత్తో లేపినవి ఆ ఫైల్లో ఉండవు, ఫైల్లో లేనివి ఆ టూల్‌కు తెలియవు. శుభ్రతకు నేను చూసిన మందుల్లో అన్నిటికన్నా బలమైనది సాదాసీదాగా ఉంటుంది. ఏ వనరు లేపినా, అది ఎవరిది, ఎందుకు, ఏ తేదీదాకా అన్న మూడు ట్యాగులు లేకపోతే లేవనే లేవనివ్వకూడదు. పెద్ద క్లౌడ్ సంస్థలు ఇలాంటి పాలసీకి వీలిస్తున్నాయి. అయితే సొంతదారు స్థానంలో మనిషి పేరు కాకుండా టీమ్ పేరు ఉండాలి. మనుషులు వెళ్లిపోతారు.

డేటా ఉన్నచోట తుడవడం చట్టం వ్యవహారం కూడా. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ తన డేటా సెంటర్ల పాత పరికరాలను తీసేసే పనిని, డేటా ధ్వంసంలో అనుభవం లేని ఒక సామాన్ల రవాణా సంస్థకు అప్పగించింది. కస్టమర్ల వివరాలతోనే కొన్ని హార్డ్ డిస్కులు ఆన్‌లైన్ వేలంలో తేలాయి. దాదాపు కోటిన్నర మంది కస్టమర్ల సమాచారం విషయంలో నిర్లక్ష్యం చేసినందుకు 2022 సెప్టెంబరులో 3.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఏ పని కోసం డేటా తీసుకున్నారో ఆ పని తీరాక దాన్ని చెరిపేయాలంటోంది. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయలదాకా వెళ్లవచ్చు. రిలీజ్ ముందు అసలు కస్టమర్ల డేటాను కాపీ చేసుకుని టెస్ట్ సర్వర్‌లో పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఆ సర్వర్ మరుగున పడిపోతే అది ఇక ఖర్చు లెక్కలో వచ్చే వ్యవహారం కాదు, చట్టం ముందు జవాబు చెప్పాల్సిన వ్యవహారం.

ఇది తెలుగువాళ్లకు దగ్గరి విషయం. అమెరికా బ్యాంకులు, బీమా సంస్థలు, ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ రిలీజ్‌లలో ఎన్నో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి జరుగుతున్నాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్ తెరిచింది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించింది. వాటికయ్యే కరెంటు మన గ్రిడ్‌ది, నేల మనది. ఊరికే తిరిగే సర్వర్ ఇకమీదట ఎక్కడో అమెరికాలో మాత్రమే తిరగదు.

మన సర్వీసు కంపెనీల్లో ఈ పని ఎందుకు మిగిలిపోతుందో కారణం స్పష్టం. రిలీజ్ అయ్యాక రెండు మూడు వారాలు హైపర్‌కేర్ అంటారు, అందరూ కళ్లలో వత్తులేసుకుని చూస్తారు. అది ముగియగానే టీమ్‌ను వేరే ప్రాజెక్టుకు మారుస్తారు. మారేముందు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) సెషన్లు జరుగుతాయి. అందులో ఏది ఎలా నడుస్తుందో చెబుతారు, ఏది ఆగిపోవాలో చెప్పరు. శుభ్రత టికెట్ బ్యాక్‌లాగ్ అడుగుకు చేరుతుంది. ఇది కుర్రాళ్ల బద్ధకం కాదు. వాళ్ల టైమ్‌షీట్‌లో ఆ పని రాసుకోవడానికి కోడే ఉండదు. పందిరి వేసేవాడితో విప్పే కూలి కూడా ముందే మాట్లాడుకునే మనం, కోట్ల రూపాయల ప్రాజెక్టు ఒప్పందంలో పాత వ్యవస్థను దించే ఖర్చు రాసుకోం.

కాబట్టి మార్పు ఒప్పందం దగ్గరే మొదలవ్వాలని నా అభిప్రాయం. రిలీజ్‌కు ఇచ్చే ఆమోదం రెండుగా ఉండాలి. మొదటిది కొత్తది నడుస్తోందని చెప్పేది. రెండోది ఇక వెనక్కి వెళ్లబోమని చెప్పేది, దానికి తేదీ ముందే వేసి ఉండాలి. రెండో సంతకం ఇంజినీరుది కాకూడదు. వెనక్కి వెళ్లాల్సి వస్తే నష్టపోయేది వ్యాపారం కనుక ఆ సంతకం వ్యాపారం తరఫు మనిషే చేయాలి. ఆ రోజున వాళ్ల ముందు పెట్టే కాగితంలో ఒక్కో వనరుకూ సొంతదారు టీమ్, ఆపిన తేదీ, తుడిచిన తేదీ, డేటా ఎక్కడికి చేరిందన్న ఆధారం, దాన్ని వేరే మనిషి సరిచూసినట్టు గుర్తు ఉండాలి. చివరి విడత చెల్లింపును ఆ కాగితానికి ముడిపెడితే, హైపర్‌కేర్ ముగిశాక కూడా ఇద్దరు మనుషులను ఆ పని మీద ఉంచడానికి ఏ మేనేజరూ వెనుకాడరు.